పాళెము వెలుపల ఏడు దినములు



సరిహద్దు అనగానే సైనికులు, ఇనుపకంచెలు మనకు జ్ఞాపకము వచ్చును. అయితే మన సి.బెళగల్ ప్రాంతమువారికి సరిహద్దు అనగా తుంగభద్ర. గుండ్రేవుల ఒడ్డున నిలిచి చూచినయెడల ఆవలి ఒడ్డు తెలంగాణ. 1956కు ముందు అది హైదరాబాదు రాష్ట్రము. తరువాత రెండు ఒడ్లు ఒకే రాష్ట్రమైనవి. 2014 జూన్ 2 నుండి మరల వేరైనవి. ఇన్ని మార్పులలోను ఏటి నీళ్లు మారలేదు, ఇరువైపుల మాట్లాడు భాష మారలేదు.

ఈ గీత ఎంత బలమైనదో కరోనా కాలములో మనము చూచితిమి. తెగులు వచ్చినప్పుడు ద్వారములు మూయుట తప్పా? మూసినవారికి మూయబడినవారి విషయములో బాధ్యత ఏమైన ఉన్నదా? ఇట్టి దినములు మరల రావని ఎవరును చెప్పలేరు గనుక, నెమ్మదిగానున్న ఈ దినములలోనే దీనిని ఆలోచించుట మంచిదని తలంచుచున్నాము.

మూయుట పాపము కాదు

లేవీయకాండము 13వ అధ్యాయము చదివినవారికి తెలియును. చర్మముమీద మచ్చ కనబడినవానిని యాజకుడు వెంటనే వెళ్లగొట్టడు. ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచి, ఏడవ దినమున తానే మరల చూచును. అవసరమైతే ఇంకొక ఏడు దినములు ఉంచును. ఇక్కడ మూడు సంగతులు గమనించవలెను: గడువు ఉన్నది, మరల చూచు మనిషి ఉన్నాడు, తిరిగివచ్చు మార్గమున్నది.

లోకచరిత్రలోను ఇట్టిదే కనబడుచున్నది. 1377లో రగూసా అను రేవుపట్టణము (నేటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్) తెగులున్న చోట్లనుండి వచ్చువారు ఒక నెల వేరుగానుండి తరువాత ఊరిలోనికి రావలెనని నియమించెను. తరువాతి కాలములో ఆ నెల నలువది దినములాయెను. ఇటలీ భాషలో నలువది అను మాటనుండియే క్వారంటైన్ అను మాట పుట్టెను. 1423లో వెనీస్ పట్టణమువారు తెగులు సోకినవారికొరకు ఒక దీవిలో ఆసుపత్రి కట్టించిరి. అట్టి స్థలములకు లాజరెట్టో అను పేరు వచ్చెను. అందులో ధనవంతుని వాకిట పడియున్న లాజరు పేరు కలిసియున్నదని చెప్పుదురు.

చూడుడి, ఆ దినములలో వైద్యము ఎంతో కొంచెము. అయినను వారు గుమ్మము మూయుటతో సరిపెట్టుకొనలేదు, గుమ్మము వెలుపల ఒక గది కట్టిరి.

గది లేని గుమ్మములు

2020 మార్చి 22 నుండి మన దేశమునకు విదేశీ ప్రయాణికుల విమానములు నిలిచిపోయెను. కువైట్, దుబాయి మొదలగు చోట్లకు పొట్టకూటికై వెళ్లిన మన రాయలసీమ స్త్రీ పురుషులు అక్కడ పని లేక, ఇక్కడికి దారి లేక నిలిచిరి. మే 7న వందే భారత్ విమానములు మొదలగువరకు వారికి ఎదురుచూపే మిగిలెను. న్యూజిలాండ్ దేశము 2020 మార్చి 19న ద్వారములు మూసి అనేక ప్రాణములను కాపాడుకొనెను, ఇది నిజము. అయితే వెలుపలనున్న దాని సొంత పౌరులు క్వారంటైన్ గదికొరకు లాటరీవంటి పద్ధతిలో వేచియుండవలసి వచ్చెను. 2022లో ఆ దేశపు హైకోర్టే, కొంతకాలము ఆ పద్ధతి పౌరుల హక్కును న్యాయము లేకుండ అడ్డగించెనని తీర్పు చెప్పెను.

దేశముల సంగతి అటుండగా, ఒకే దేశములో మన కన్నులయెదుట ఏమి జరిగెను? 2020 మార్చి 25 రాత్రి హైదరాబాదు హాస్టళ్లనుండి అనుమతి పత్రములతో బయలుదేరిన మన పిల్లలను గరికపాడు చెక్‌పోస్టు వద్ద ఆంధ్ర వైపువారే ఆపిరి. మరుసటి సంవత్సరము మే నెలలో తెలంగాణవారు కర్నూలు దాటినవెంటనేయున్న పుల్లూరు టోల్ ప్లాజా వద్ద అంబులెన్సులను ఆపిరి. హైదరాబాదు ఆసుపత్రి ఒప్పుకొన్నట్లు ముందుగా అనుమతి కావలెననిరి. లోపల రోగి, ప్రక్కన ఆక్సిజన్ సిలిండరు, బయట ఎండ. అక్కడ ప్రాణములు విడిచినవారు ఉన్నారని వార్తాపత్రికలు వ్రాసెను. అప్పటికి హైదరాబాదు చట్టప్రకారము ఇరు రాష్ట్రములకు ఉమ్మడి రాజధానియే. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసెను.

ఇందులో ఒక ప్రక్కను మాత్రమే నిందించుట న్యాయము కాదు. హైదరాబాదులోను పడకలు చాలక ప్రజలు అల్లాడుచుండిరి. భయము ఇరువైపుల ఉండెను. అయితే రోగి నిలుచుటకు నీడ మాత్రము ఏ వైపునను లేకపోయెను.

మన ఊరి ముండ్లకంప

ప్రభుత్వములను అడుగుటకు ముందు మనలను మనము అడుగుకొందము. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రములోనెల్ల ఎక్కువ కేసులు కర్నూలు జిల్లాలోనే ఉండెను. కర్నూలు పేరు చెప్పగానే ఇతరులు భయపడిరి, మనము నొచ్చుకొంటిమి. అయితే ఆ దినములలోనే అనేక గ్రామములలో పొలిమేరకు ముండ్లకంప అడ్డము వేసిరి. ఎమ్మిగనూరు, కోసిగి, ఆదోని ప్రాంతములనుండి గుంటూరు మిరపకోతలకు సుగ్గికి పోయినవారు తిరిగి వచ్చినప్పుడు, తమ ఊరే తమను అనుమానముతో చూచుటను భరించవలసి వచ్చెను. పరాయి దేశము తలుపు వేసిన బాధకంటె సొంత ఊరు వేసిన కంప ఎక్కువ గ్రుచ్చుకొనును.

జనులు ప్రయాణము చేయలేదు

సంఖ్యాకాండము 12వ అధ్యాయములో మిర్యాము సంగతి ఉన్నది. ఆమెకు కుష్ఠు కలిగినప్పుడు ఏడు దినములు పాళెము వెలుపల ఉంచిరి. ఆమె మోషే అక్క, అహరోనుకు తోబుట్టువు. అయినను నియమము నియమమే. అయితే ఆ తరువాతి మాటను మనము తరచుగా దాటిపోవుచున్నాము. ఆమెను మరల చేర్చుకొనువరకు జనులు ప్రయాణము చేయలేదు. ఒక్క స్త్రీ కొరకు పాళెమంతయు ఏడు దినములు ఆగెను.

ప్రియులారా, మనము చెప్పదలచిన మాట ఇదొక్కటే. తెగులు దినములలో గుమ్మము మూయవలసి రావచ్చును. అయితే వెలుపలనున్నవాడు ఇంకను మనవాడే. గడువు చెప్పకుండ, గది చూపకుండ, మరల చేర్చుకొను దినము లేకుండ మూసినది కాపుదల కాదు, వెలివేతయే.

మరొక తెగులు వచ్చినయెడల మన సంఘములు ఏమి చేయగలవు? మందిరమునకు చేర్చి ఒక గది ఉన్నయెడల తిరిగివచ్చినవారికి దానిని ఇమ్మని పంచాయతీకి ముందే చెప్పవచ్చును. దూరముగానుండియే అన్నము, నీళ్లు అందించవచ్చును. సుగ్గికి పోయిన కుటుంబముల ఫోను నంబర్లు, వారున్న ఊళ్ల పేర్లు సంఘ పుస్తకములో వ్రాసి ఉంచవచ్చును. ఎవరు వెలుపలనున్నారో తెలియని పాళెము ఎవరికొరకు ఆగగలదు?

ద్వారమునొద్ద నిలిచినవానిని మరువని హృదయమును ప్రభువు మన దేశములకు, మన రాష్ట్రములకు, ముందుగా మన పల్లెలకు అనుగ్రహించును గాక. ఆమేన్.