రైఫిలు రిసీవరునకు అక్షశుద్ధి

ద్వారబంధము మూలమట్టమునకు నిలువనిచో, తలుపెంత చక్కగా చిత్రిక పట్టినదైనను గడియ సులువుగా పడదు. బలవంతముగా పడవేసినను బిగువంతయు ఒక మూలపైననే నిలుచును. బోల్టు రైఫిలు సంగతియు ఇట్టిదే. ఆంగ్లమున ‘బోల్టు’ అనగా గడియయే. దానిని ముందునకు త్రోసి పిడిని క్రిందికి త్రిప్పినచో తూటా వెనుక గడియ పడును. ఆ గడియకు ద్వారబంధము వంటిది రిసీవరు. కర్మాగారమున తయారైన రిసీవరును విప్పి, దాని ముఖమును, మరలను, ఆనుడు తలములను ఒకే అక్షమునకు సరిపరచు పనిని అమెరికా దేశపు తుపాకి పనివారు ‘ట్రూయింగు’ అనియు, ‘బ్లూప్రింటింగు’ అనియు వ్యవహరింతురు. ఆ పని యెట్టిది, ఏల చేయుదురు, దాని మేర యెంత అనునవి ఇచ్చట వివరింపబడుచున్నవి.

1. బ్లూప్రింటు అను పేరు

1842లో జాన్ హెర్షెల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కనుగొనిన పద్ధతి వలన, నీలి కాగితముపై తెల్లని గీతలతో యంత్రపటములకు ప్రతులు తీయుట తరువాతి కాలమున వాడుకలోనికి వచ్చినది. అవియే బ్లూప్రింటులు. పటములో గీచిన రిసీవరునకు వంకర లేదు. అయినను ప్రతి కొలత ప్రక్కను ఇంత హెచ్చు, ఇంత తగ్గు ఉండవచ్చునను మినహాయింపు వ్రాసియుండును. ఈ మినహాయింపు లేనిచో వేలకొలది తుపాకులను అందుబాటు ధరకు చేయుట సాధ్యము కాదు. కావున హద్దులోపల నున్న వంకర కర్మాగారపు తప్పు కాదు. చిక్కెచ్చటననగా, వేరువేరు భాగములలోని చిన్న వంకరలు ఒక్కొక్కప్పుడు ఒకే వైపునకు కూడును. మినహాయింపును విడిచి, పటములోని అసలు కొలతను సాధింప యత్నించుటచే ఈ పనికి ఆ పేరు వచ్చినది.

2. రిసీవరు నిర్మాణము

1898 నాటి జర్మను మౌజరు తుపాకిలో బోల్టు ముందుకొన యందు ఎదురెదురుగా రెండు చెవులుండును. వీనిని లగ్గులందురు. బోల్టును త్రిప్పినప్పుడు ఇవి రిసీవరు లోపలి ఆనుడు తలముల ముందునకు చేరి నిలుచును. వెనుక నున్న మూడవ చెవి భద్రతకు మాత్రమే. మన దేశమున పోలీసుల చేతిలో చిరకాలము కనబడిన .303 లీ-ఎన్‌ఫీల్డునందు చెవులు బోల్టు వెనుక భాగమున నుండును. ఇచ్చట చెప్పు పని ముందు చెవుల తుపాకులకు సంబంధించినది.

అందును ఈ పని హెచ్చుగా జరిగినది రెమింగ్టన్ 700 అను తుపాకిపై. 1948 నాటి 721, 722 నమూనాల నుండి వృద్ధిచెంది 1962లో వెలువడిన ఈ తుపాకి రిసీవరు గుండ్రని ఉక్కు కడ్డీ నుండి చేయబడినది. కావున లేతుపై పట్టించుట సులభము. దీని రూపకర్తయైన మైక్ వాకర్, బల్లపై తుపాకి నానించి కాల్చు గురి పోటీలలో తానును పాల్గొనినవాడు.

3. వంకర వలన కీడు

.308 వించెస్టరు తూటా ప్రేలినప్పుడు కలుగు ఒత్తిడికి అమెరికా పరిశ్రమ విధించిన గరిష్ఠ పరిమితి చదరపు అంగుళమునకు 62,000 పౌనులు. ఆ తోపుడు బోల్టుపై పడి చెవుల ద్వారా రిసీవరునకు చేరును. రెండు చెవులును సమముగా ఆనినచో తోపుడు అక్షము వెంటనే పోవును. ఒక చెవియే ఆనినచో బోల్టు ఒక ప్రక్కకు వంగును. రిసీవరు, గొట్టము కూడ ఆ ప్రక్కకు అదరును. రిసీవరు ముఖము లంబముగా లేనిచో గొట్టపు మెడ ఒక అంచుననే బిగియును. గొట్టము కాగిన కొలది ఆ బిగువు మారి గురి జరుగును.

గురి పోటీలవారు చెదరును కోణముతో కొలుతురు. డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషము. 100 గజముల దూరమున అది 1.047 అంగుళములు. అందులో సగమును, పావును లెక్కింపవలసి వచ్చినప్పుడే ఇంత సూక్ష్మమైన వంకరతో పని కలుగును.

4. పని క్రమము

మొదటి పని అక్షమును నిర్ణయించుట. బోల్టు నడచు రంధ్రములో బిగువుగా సరిపోవు నున్నని కడ్డీని దూర్చి, రిసీవరును రెండు కొనల యందును మరలు గల పట్టుగొట్టములో బిగించి, లేతుపై నెమ్మదిగా త్రిప్పుదురు. అంగుళములో వేయవ వంతును లేతు పనివారు ‘థౌ’ అందురు. తలవెంట్రుక మందము సుమారు 2 నుండి 4 థౌలు. డయలు గేజి ముల్లు అర థౌ కంటె తక్కువ కదలువరకు పట్టుగొట్టపు మరలను సరిచేయుదురు.

పిదప రిసీవరును పట్టు నుండి కదల్పక, లోపలి ఆనుడు తలములను, ముందు ముఖమును, గొట్టము బిగియు మరలను వరుసగా కోయుదురు. మధ్యలో విప్పి తిరిగి పట్టించినచో ఒక తలమునకును మరియొక తలమునకును గల సంబంధము పోవును. ఒకే పట్టులో ముగించుటయే ఈ విద్యకు ప్రాణము.

బోల్టును వేరుగా పట్టించి, చెవుల వెనుక తలములను, తూటా మడమ ఆను ముఖమును లంబపరచుదురు. రిసీవరునకును గొట్టమునకును నడుమ నుండు అదురు పలకను రెండు ప్రక్కలును సమాంతరముగా సానపట్టుదురు. తుదకు నీలి రంగు పూసి చెవుల ఆనుడును పరీక్షింతురు. బ్లూప్రింటునకు వన్నె నిచ్చు ప్రష్యను నీలమే ఈ పరీక్షకును వాడుక రంగగుట ముచ్చటయైన సంగతి. రంగు రెండు చెవులపై సమముగా అంటినచో పని కుదిరినట్లే. కొంచెము లోటున్నచో మెత్తని సానముద్దతో తేలికగా రుద్దుదురు. కోతతో తీరవలసిన వంకరను రుద్దుటతో తీర్పజూచుట కూడదు.

5. ప్రమాద స్థానములు

ఈ పనిలో మిక్కిలి జాగ్రత్త వహింపవలసినది తూటా మడమకును బోల్టునకును గల ఎడము విషయము. .308 తూటాకు తూటాగదిని పరీక్షించు గేజులు రెండు. 1.630 అంగుళముల గేజిపై బోల్టు మూసుకొనవలెను, 1.634 గేజిపై మూసుకొనరాదు. నడుమ నున్నది 4 థౌలు మాత్రమే. చెవుల నుండి 5, ఆనుడు తలముల నుండి 5 థౌలు తీసినచో బోల్టు 10 థౌలు వెనుకకు జరుగును. పాత గొట్టమును ఉన్నదున్నట్లు తిరిగి బిగించినచో, ప్రేలినప్పుడు ఇత్తడి తొడుగు సాగి తెగవచ్చును; వేడి వాయువు కాల్చువాని ముఖముపైకి రావచ్చును. కావున అక్షశుద్ధి పిదప గొట్టమును తిరిగి కోసి, గేజులతో సరిచూచుట తప్పనిసరి. బోల్టు వెనుకకు జరిగిన కొలది, పిడి నెత్తునప్పుడు కాలిన తొడుగును మొదట కదల్చు బలము కూడ తగ్గును.

రెండవది ఉక్కు స్వభావము. పాత మౌజరు రిసీవరులు మెత్తని ఉక్కుతో చేసి పైపొరను మాత్రము గట్టిపరచినవి. ఆ పొరను కోసివేసినచో లోపలి మెత్తని లోహము చెవుల దెబ్బకు క్రమముగా నొక్కుకొనిపోవును. అమెరికా ప్రభుత్వపు స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాల తుపాకులలో 8,00,000 సంఖ్యకు లోబడిన రిసీవరులు పెళుసైనవని పేరుపడినవి. కాల్చిన ఉక్కు వేడిమిని కంటి చూపుతో అంచనా వేయుటయే దానికి ముఖ్య కారణము. 1918లో ఆ పద్ధతిని మార్చిరి.

6. ఫలము, దాని మేర

అక్షశుద్ధి వలన గురి పెరుగునను మాట నిజమే కాని, అది మొదటి కారణము కాదు. మంచి గొట్టము, దాని మూతి యంచు, కొయ్యలో రిసీవరు కూర్చుండు తీరు, తూటాల సమత్వము దీనికంటె ముందు చూడవలసినవి. గొట్టము నాసియైనచో రిసీవరు శుద్ధి దానిని బాగుచేయజాలదు. నేడు కంప్యూటరుచే నడుపబడు యంత్రములు అనేక రిసీవరులను మొదటనే లంబముగా కోయుచున్నందున ఈ పని యవసరము తగ్గినది. క్రొత్త గొట్టము నెట్లును బిగింపదలచినప్పుడే దీనిని చేయించుట లాభకరము.

మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము 5వ విభాగము ప్రకారము లైసెన్సు లేక ఆయుధములను మరమ్మతు చేయుట నిషిద్ధము. కావున లేతు తెలిసిన వారైనను ఈ పనికి పూనుకొనరాదు. ఇందలి నీతి మాత్రము ప్రతి యంత్రపు పనివానికిని ఉపకరించును: ముందు అక్షమును నిర్ణయింపవలెను, పిదప కొలువవలెను, కట్టకడపట కోయవలెను. కోసివేసిన లోహమును తిరిగి పెట్టుట యెవ్వరి తరమును కాదు.