నెలవంక దర్శనానికి దుర్భిణి: ఎంపిక, వినియోగం, సంరక్షణ

బస్రా నగరంలో జరిగిన ఒక సంఘటనను చరిత్రకారులు ఉల్లేఖించారు. రంజాన్ నెలవంకను చూడటానికి కొందరు గుమిగూడారు. వారిలో దైవప్రవక్త (స) సహచరులు హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) కూడా ఉన్నారు. అప్పటికి వారి వయస్సు నూరేళ్లకు చేరువలో ఉంది. ఎవరికీ ఏమీ కనిపించలేదు గాని, వారు మాత్రం నెలవంక కనిపిస్తోందంటూ వేలు చూపారు. తర్వాతి కాలంలో బస్రా ఖాజీగా ప్రసిద్ధి పొందిన ఇయాస్ బిన్ ముఆవియా అక్కడే ఉన్నారు. ఆయన ఆకాశం వైపు కాక ఆ వృద్ధుని ముఖం వైపు చూశారు. కనుబొమ నుండి తెల్లని వెంట్రుక ఒకటి వంగి కంటి మీదికి వాలి ఉంది. ఇయాస్ దానిని వినయంగా సవరించి, ఇప్పుడు నెలవంక ఎక్కడుందో చూపమని కోరారు. ఇప్పుడేమీ కనిపించడం లేదని హజ్రత్ అనస్ (రజి) నిస్సంకోచంగా చెప్పారు.

ఈ సంఘటనలో సాక్షి సత్యసంధతను ఎవరూ శంకించలేదు. లోపమల్లా కంటికీ ఆకాశానికీ నడుమ అడ్డుపడిన వస్తువులో ఉంది. షాబాన్ 29వ తేదీ సాయంత్రం మేడల మీదికి, గుట్టల మీదికి దుర్భిణి పట్టుకుని వెళ్లేవారు ఈ విషయాన్ని మనస్సులో ఉంచుకోవాలి. దుర్భిణి కూడా కంటికీ ఆకాశానికీ నడుమ ఉండే వస్తువే. అది మంచిదైతే సహాయం చేస్తుంది. చెడిపోయినదైతే ఆ తెల్ల వెంట్రుక చేసిన పనే చేస్తుంది.

దుర్భిణి అన్న మాట ఫారసీ నుండి మన భాషలోకి వచ్చింది. దూర్ అంటే దూరం, బీన్ అంటే చూసేది. దుర్భిణి ముస్లిం శాస్త్రవేత్తలు కనిపెట్టినది కాదు. కాని దానికి ఆధారమైన దృష్టి శాస్త్రానికి గట్టి పునాది వేసినవారిలో ఇబ్నుల్ హైసమ్ ముఖ్యుడు. ఆయన కూడా బస్రాలోనే, సుమారు 965లో జన్మించాడు. కంటి నుండి కిరణాలు వెలువడటం వల్ల చూపు కలగదనీ, వస్తువుల నుండి వచ్చే వెలుగు కంటిలో ప్రవేశించడం వల్లనే కలుగుతుందనీ కితాబుల్ మనాజిర్‌లో ఆయన నిరూపించాడు. చూపు ఏయే కారణాల వల్ల పొరబడుతుందో కూడా అందులోనే విపులంగా చర్చించాడు.

రెండు అంకెల అర్థం

ప్రతి జంట దుర్భిణి మీద 7×50, 8×42, 10×50 వంటి అంకెలు ఉంటాయి. మొదటి అంకె అది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో చెబుతుంది. రెండవది ముందు వైపు కటకం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవ అంకెను మొదటి దానితో భాగిస్తే, కంటి దగ్గరికి వచ్చే వెలుగు వలయం వెడల్పు తెలుస్తుంది. 7×50కి అది 7 మిల్లీమీటర్లు, 10×50కి 5, 8×42కి 5 కంటే కొంచెం ఎక్కువ. జేబులో పట్టే 8×21కి మాత్రం రెండున్నర చిల్లర. మసక వెలుతురులో మన కంటిపాప విచ్చుకుంటుంది. యౌవనంలో ఇది 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకోగలదు. వయస్సు పెరిగేకొద్దీ ఈ శక్తి తగ్గుతుంది. కాబట్టి సంధ్యవేళ చూడటానికి వలయం 4, 5 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే మంచిది.

రెట్లు ఎక్కువైతే మేలనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. పది రెట్లు పెద్దదిగా చూపే దుర్భిణి చేతి వణుకును కూడా పది రెట్లు పెద్దదిగా చూపుతుంది. పైగా రెట్లు పెరిగినకొద్దీ కనిపించే ఆకాశ భాగం తగ్గిపోతుంది. 8×42లో సుమారు 7, 8 డిగ్రీల మేర ఆకాశం కనిపిస్తే, 20 రెట్ల దానిలో 3 డిగ్రీలే కనిపించవచ్చు. నెలవంక ఎక్కడుందో తెలియక వెతికేవారికి విశాలమైన చూపే ముఖ్యం. చేతితో పట్టుకుని చూడటానికి 7×50, 8×42 తగినవి. పిట్టగోడ మీద మోచేతులు ఆన్చుకోగలిగితే 10×50 కూడా పనికివస్తుంది. 7×50 బరువు సుమారు కిలో ఉంటుంది కనుక వృద్ధులకు 8×42 తేలిక. రెట్లను మార్చుకునే వీలున్న రకాలలో చౌకవాటిని తీసుకోకపోవడమే మంచిది.

నిర్మాణంలో రెండు రకాలున్నాయి. మొదటిది భుజాలు వెడల్పుగా ఉండే పోరో రకం. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854లో పేటెంటు పొందిన పట్టకాల అమరిక దీనికి ఆధారం. రెండవది తిన్నని గొట్టాలుగా కనిపించే రూఫ్ రకం. తక్కువ ధరలో సాధారణంగా పోరో రకమే మెరుగైన బొమ్మను ఇస్తుంది. లోపల నైట్రోజన్ వాయువు నింపి, నీరు చొరకుండా మూసిన దానిని కొనగలిగితే మన వానకాలానికి అది ఎంతో మేలు. కళ్లద్దాలు వాడేవారు, కంటిని 15 మిల్లీమీటర్లో అంతకు మించో ఎడంగా ఉంచినా పూర్తి బొమ్మ కనిపించే రకాన్ని అడిగి తీసుకోవాలి.

కొనేముందు పరీక్ష

దుకాణంలోనైనా, హైదరాబాదు జుమ్మెరాత్ బజారు వంటి చోట పాతది కొనేటప్పుడైనా ఈ పరీక్షలు చేయాలి. దుర్భిణిని చాచిన చేతితో వెలుతురు వైపు పట్టుకుంటే కంటి వైపు కటకాలలో రెండు వెలుగు బిళ్లలు కనిపిస్తాయి. అవి గుండ్రంగా ఉంటే పట్టకాలు మంచివి. అంచులు నలుపలకలుగా కోసుకుపోయినట్లుంటే నాసిరకం. దీపపు ప్రతిబింబం కటకం మీద ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తే వెలుగును కాపాడే పూత ఉన్నట్లు. తెల్లగా కనిపిస్తే లేనట్లు. ముందు నుండి టార్చి వేసి లోపలికి చూస్తే గీతలు, ధూళి, సాలెగూడు వంటి బూజు పోగులు బయటపడతాయి. బూజు పట్టినది ఎంత చౌకగా దొరికినా వద్దు. చివరగా దూరాన ఉన్న కరెంటు తీగను చూడాలి. ఒక తీగ రెండుగా కనిపించినా, కాసేపటికి కళ్లు లాగినా, ఆ దుర్భిణి ఎప్పుడో కింద పడి రెండు గొట్టాల పొందిక చెడినదని గ్రహించాలి.

29వ తేదీ సాయంత్రం

సూర్యుడు పూర్తిగా అస్తమించే వరకు దుర్భిణిని పడమటి వైపు ఎత్తరాదు. నెలవంక సూర్యునికి చేరువలోనే ఉంటుంది. క్షణకాలం సూర్యబింబం కటకాలలో పడినా కంటి లోపలి పొర శాశ్వతంగా కాలిపోవచ్చు. ఆ పొరకు నొప్పి తెలియదు కాబట్టి హెచ్చరిక కూడా ఉండదు. పిల్లల చేతికి ఆ సమయంలో దుర్భిణి ఇవ్వకూడదు.

ముందుగానే, సూర్యునికి దూరంగా ఉన్న గుట్టనో మినారునో చూసి దృష్టి సరిచేసుకోవాలి. కుడి కటకాన్ని మూసి, ఎడమ కంటితో చూస్తూ నడిమి చక్రాన్ని తిప్పాలి. తర్వాత ఎడమది మూసి, కుడి కంటి దగ్గరి వలయాన్ని తిప్పాలి. ఆంధ్ర తీరంలో సముద్రం తూర్పున ఉంటుంది కనుక పడమటి దిగంతంలో చెట్లు, ఇళ్లు, పొగమంచు అడ్డు వస్తాయి. అందువల్ల ఎత్తయిన తావును ముందే చూసి పెట్టుకోవాలి.

ఏదైనా సన్నని తెల్లని గీత కనిపిస్తే ఇయాస్ చేసిన పరీక్షను ఇక్కడా చేయవచ్చు. దుర్భిణిని కొద్దిగా పక్కకు జరపాలి. గీత దుర్భిణితోపాటు జరిగితే అది కటకం మీది మరకో, వెంట్రుకో. ఆకాశంలో ఉన్నచోటనే ఉండి, దాని ఉబ్బెత్తు వైపు సూర్యుడు అస్తమించిన దిశకు తిరిగి, క్రమంగా కిందికి దిగుతుంటే అది నెలవంక కావచ్చు. అప్పుడు చోటు గుర్తు పెట్టుకుని, దుర్భిణి దించి, కంటితో వెతకాలి. సూర్యునికి సుమారు 7 డిగ్రీల కంటే దగ్గరగా ఉన్న నెలవంక కంటికి కనిపించదని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త దాంజోన్ 1930ల్లో తెలిపాడు. అటువంటి రోజున మంచి దుర్భిణి కూడా పెద్దగా సాయపడదు.

దుర్భిణితో మాత్రమే చూసినది సాక్ష్యంగా చెల్లుతుందా అన్న విషయంలో ఉలమాలకు వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఆ నిర్ణయం వారిది. కంటితో చూశాడో, దుర్భిణితో చూశాడో దాచకుండా చెప్పడం మాత్రం సాక్షి బాధ్యత.

సంరక్షణ

కటకాన్ని లుంగీ చెంగుతోనో, అత్తరు అంటిన రుమాలుతోనో తుడవకూడదు. ధూళిలోని ఇసుక రేణువులు పూతను గీకేస్తాయి. మొదట రబ్బరు బుడ్డితో గాలి ఊది, మెత్తని కుంచెతో ధూళి దులపాలి. మరకలు మిగిలితే కటకాలకు వాడే ద్రవాన్ని గుడ్డ మీద వేసి మృదువుగా తుడవాలి; కటకం మీద నేరుగా పోయరాదు. మాటిమాటికీ తుడవడం కూడా హానికరమే.

మన ప్రాంతంలో దుర్భిణికి పెద్ద శత్రువు తేమ. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది కనుక వానకాలంలో అందులో ఉంచక, బిగుతైన మూత గల డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో భద్రపరచాలి. పొట్లాలను అప్పుడప్పుడు మార్చాలి. చల్లని గది నుండి బయటికి తెచ్చినప్పుడు కటకాల మీద ఆవిరి పడుతుంది. తుడవకుండా ఓ పావుగంట ఆగితే అదే పోతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే లోపలి కందెన కరుగుతుంది. వాడేటప్పుడు పట్టీని మెడలో వేసుకోవాలి. లోపలి భాగాలను ఇంట్లో విప్పరాదు. ఒకసారి పొందిక తప్పితే సరిచేయడం నిపుణులకే సాధ్యం.

ఏడాదికి ఒకటి రెండు సార్లే బయటికి తీసే వస్తువును ఆ సాయంత్రం హడావుడిగా వెదకటం చాలామందికి అలవాటు. షాబాన్ మొదటి వారంలోనే దానిని తీసి, పరీక్షించి, శుభ్రపరచి ఉంచాలి. ఒక్క మనిషి మాట మీద ఒక ఊరు ఉపవాసం పాటిస్తుంది, ఒక ఊరు పండుగ చేసుకుంటుంది. అంతటి మాట చెప్పబోయే వ్యక్తి ముందుగా తన కంటి మీది వెంట్రుకను సవరించుకోవడం ఎంత అవసరమో, దుర్భిణి మీది ధూళిని దులుపుకోవడమూ అంతే అవసరం.