చిన్న విమానంలో ఐరోపా యాత్ర

విమానం అనగానే మనకు రెండు వందల మంది కూర్చునే పెద్ద విమానమే గుర్తుకు వస్తుంది. టికెట్ కొని సీట్లో కూర్చుంటే మిగతాదంతా ఎవరో చూసుకుంటారు. కానీ ఐరోపాలో కొందరు సెలవులు రాగానే నలుగురు పట్టే చిన్న విమానం తీసుకొని, తామే నడుపుకుంటూ మూడు నాలుగు దేశాలు చుట్టి వస్తారు. ఉదయం జర్మనీలో టిఫిన్ చేసి, మధ్యాహ్నం ఆస్ట్రియాలో భోంచేసి, సాయంత్రానికి ఇటలీ సముద్రతీరం చేరుకుంటారు. వినడానికి సినిమా కథలా ఉన్నా దీని వెనుక చాలా లెక్క, చాలా క్రమశిక్షణ ఉన్నాయి. అవి ఏమిటో, వాటిలో మనం నేర్చుకోదగినది ఏమిటో ఈ వ్యాసంలో వివరించదలచాము.

విమానం ఎలాంటిది?

ఇలాంటి యాత్రలకు వాడే విమానాల్లో సెస్నా 172 బాగా పేరున్నది. 1955లో మొదటిసారి ఎగిరిన ఈ అమెరికా విమానాలు ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంత పెద్ద సంఖ్యలో తయారైన విమానం మరొకటి లేదు. ఒకే ఇంజను, ముందు ఒక ప్రొపెల్లర్, నాలుగు సీట్లు ఉంటాయి. గంటకు సుమారు 220 కి.మీ. వేగంతో పోతుంది. గంటకు 30 నుండి 35 లీటర్ల పెట్రోలు తాగుతుంది.

సీట్లు నాలుగున్నాయి కదా అని నలుగురు పెద్దవాళ్ళు, నాలుగు సూట్‌కేసులు, ట్యాంకు నిండా పెట్రోలు అంటే కుదరదు. బయలుదేరే ముందు ప్రతి మనిషి బరువు, ప్రతి సంచి బరువు కాగితం మీద కూడతారు. మొత్తం బరువు పరిమితి దాటకూడదు. వెనుక వైపు బరువు ఎక్కువైతే ముక్కు పైకి లేచి విమానం అదుపు తప్పే ప్రమాదం ఉంది. అందుకే మనిషో, సామానో, పెట్రోలో ఏదో ఒకటి తగ్గించుకోవాలి. పెట్రోలు తగ్గిస్తే దారిలో ఎక్కువసార్లు దిగి నింపుకోవాలి.

ఇలా తిరిగేవారందరికీ సొంత విమానం ఉండదు. చాలామంది ఫ్లయింగ్ క్లబ్బులో సభ్యులుగా చేరి, గంటల లెక్కన అద్దెకు తీసుకొని, ఖర్చు పంచుకుంటారు.

లైసెన్సు, భాష, సరిహద్దు

ఐరోపా నిబంధనల ప్రకారం ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 17 ఏళ్ళు నిండాలి. కనీసం 45 గంటల శిక్షణ పొందాలి. రాతపరీక్షలు, వైద్యపరీక్ష, విమానం నడిపి చూపే పరీక్ష అన్నీ పాసవ్వాలి.

దేశం మారితే భాష మారుతుంది. అందుకని దేశాలు దాటే పైలట్లు రేడియోలో ఇంగ్లీషు వాడతారు. కంట్రోలర్ చెప్పిన ఎత్తు, రన్‌వే నంబరు వంటివి పైలట్ అలాగే తిరిగి చెప్పాలి. అప్పుడే విన్నట్లు లెక్క. అర్థం కాకపోతే 'మళ్ళీ చెప్పండి' అని అడగడం అక్కడ నామోషీ కాదు, నియమం. యాస ఎలా ఉన్నా మాట స్పష్టంగా ఉంటే చాలు. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషులో నోరు తెరవడానికి భయపడే మనందరం గుర్తుంచుకోవలసిన విషయమిది.

షెంజెన్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య మామూలుగా పాస్‌పోర్టు తనిఖీ ఉండదు. అయినా సరిహద్దు దాటే ముందు ఎక్కడి నుండి ఎక్కడికి, ఏ దారిలో, ఎంతమందితో పోతున్నారో తెలిపే ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి. స్విట్జర్లాండ్ షెంజెన్‌లో ఉన్నా ఐరోపా యూనియన్‌లో లేదు కనుక అక్కడ కస్టమ్స్ నిబంధనలు పాటించాలి. బ్రిటన్ 2020లో యూనియన్ నుండి బయటికి వచ్చింది. అక్కడికి పోవాలంటే పాస్‌పోర్టు, కస్టమ్స్ రెండూ తప్పవు.

ఈ నియమాలను లెక్కచేయకపోతే ఏమవుతుందో 1987 మే 28న ప్రపంచం చూసింది. మథియాస్ రస్ట్ అనే 18 ఏళ్ళ జర్మన్ యువకుడు హెల్సింకీ నుండి సెస్నా 172లో బయలుదేరి, సోవియట్ సరిహద్దు దాటి, మాస్కోలో ఎర్ర చౌరస్తా పక్కన దిగాడు. సోవియట్ రక్షణ మంత్రి పదవి పోయింది. కుర్రవాడికి నాలుగేళ్ళ శిక్ష పడింది. 1988లో విడుదలయ్యాడు.

కొండలు, మబ్బులు

చిన్న విమానాలు ఎక్కువగా కంటిచూపు మీద ఆధారపడి ఎగురుతాయి. కింద నేల కనబడాలి, మబ్బులకు దూరంగా ఉండాలి, ముందు సాధారణంగా 5 కి.మీ. మేర చూపు ఆనాలి. అందుకే పైలట్ లేవగానే చూసేది వాతావరణ నివేదిక.

దారిలో ఆల్ప్స్ పర్వతాలు మరో పరీక్ష. మోంట్ బ్లాంక్ శిఖరం ఎత్తు సుమారు 4,800 మీటర్లు. సెస్నా 172 ఎగరగలిగేది సుమారు 4,200 మీటర్ల వరకే. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజను శక్తి తగ్గుతుంది. కాబట్టి శిఖరాల మీదుగా కాకుండా కనుమల మీదుగా దాటాలి. ఆస్ట్రియా, ఇటలీల మధ్య ఉన్న బ్రెన్నర్ కనుమ ఎత్తు సుమారు 1,370 మీటర్లే. కానీ కనుమను మబ్బు మూసేస్తే ముందుకు దారి ఉండదు. లోయ ఇరుకైతే వెనక్కి తిరగడానికి చోటూ ఉండదు. తిరిగే చోటు ఉండగానే తిరగాలి.

విద్యార్థులు చేసిన విమానం

ఐరోపా అంతా చిన్న విమానంలో తిరగడం కొత్త సంగతి కాదు. 1920లలో పోలెండ్ రాజధాని వార్సాలో రొగాల్‌స్కీ, విగురా, జెవియెత్‌స్కీ అనే ముగ్గురు పాలిటెక్నిక్ విద్యార్థులు కాలేజీ వర్క్‌షాపులో విమానాలు తయారుచేశారు. తమ పేర్ల మొదటి అక్షరాలతో వాటికి ఆర్.డబ్ల్యు.డి. అని పేరు పెట్టారు. వాటిలో రెండవ రకాన్ని 1929లో ఫ్రాన్సిషెక్ జ్విర్కో అనే పైలట్ ఒక తోడుతో కలిసి పారిస్, బార్సిలోనా, మిలాన్‌ల మీదుగా సుమారు 5,000 కి.మీ. తిప్పి తెచ్చాడు.

1932 ఆగస్టులో బెర్లిన్‌లో పర్యాటక విమానాల అంతర్జాతీయ పోటీ జరిగింది. తక్కువ చోటులో దిగడం, తక్కువ పెట్రోలుతో నడవడం, రెక్కలు మడవడం వంటి పరీక్షలు పెట్టి, తరువాత రోమ్, పారిస్‌ల మీదుగా 7,300 కి.మీ.కు పైగా ఐరోపా చుట్టించారు. ఆర్.డబ్ల్యు.డి. 6 విమానంలో జ్విర్కో, విగురా జంట జర్మన్ జట్టును వాళ్ళ సొంతగడ్డ మీదే ఓడించి మొదటి స్థానం గెలిచింది.

రెండు వారాలు తిరిగాయి. సెప్టెంబరు 11న అదే విమానంలో ఇద్దరూ ప్రేగ్‌కు పోతుండగా పెద్ద గాలివాన పట్టుకుంది. రెక్క విరిగి విమానం కూలింది. ఇద్దరూ చనిపోయారు. ఐరోపా చుట్టి వచ్చిన అనుభవం వారికుంది, చేతిలో మంచి విమానం ఉంది. కానీ గాలివానకు విజేత ఎవరో తెలియదు. ఇప్పటికీ వార్సాలో విమానాశ్రయానికి పోయే రోడ్డుకు వారిద్దరి పేర్లే ఉన్నాయి.

మనం గ్రహించవలసినది

ఇంజను, రెక్కలు ఎంత బాగున్నా యాత్ర నిలిచేది పైలట్ నిర్ణయం మీదే. నలుగురు ఎదురుచూస్తున్నారని, హోటల్‌కు డబ్బు కట్టామని మబ్బుల్లోకి పోకూడదు. ఈ రోజు ఆగినవాడు రేపు పోగలడు. ఆగడం ఓటమి కాదు.

ఇక మన సంగతి. పైలట్ చదువుకు లక్షలు ఖర్చవుతాయన్నది నిజం. మనలో చాలామందికి ఆ దారి కష్టం. కానీ ఆకాశంలో పని పైలట్ ఒక్కడిదే కాదు. రేడియోలో దారి చూపే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగాలకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా పరీక్ష పెడుతుంది. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బి.ఎస్సీ. చేసినవారు, ఇంజనీరింగ్ చదివినవారు రాయవచ్చు. విమానాలు బాగుచేసే ఇంజనీర్లు, వాతావరణం చెప్పే శాస్త్రజ్ఞులు కూడా కావాలి. వార్సాలో ఆ ముగ్గురు విద్యార్థులు మొదలుపెట్టింది కాలేజీ వర్క్‌షాపులోనే. మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా తమ ల్యాబ్‌లో, తమ లెక్కల పుస్తకంలో మొదలుపెట్టగలరని మా నమ్మకం.