అడవి ఏనుగులు: ఎన్ని ఉంటే ఎక్కువ?

పాఠం 17

ఈ పాఠం చదివిన తరువాత, అడవి జంతువుల సంఖ్యను అదుపు చేయాలన్న వాదన ఎందుకు పుడుతుందో మీరు సొంత మాటల్లో చెప్పగలుగుతారు. ఒక దేశంలో గుర్రాలకు పనికివచ్చిన పద్ధతి మన ఏనుగులకు పనికివస్తుందా లేదా అన్నది లెక్క వేసి తేల్చుకోగలుగుతారు. పాఠం మధ్యలో ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు నోటుపుస్తకంలో రాసుకుని ముందుకు సాగండి.

17.1 బాన్స్‌తలా దగ్గర ఒక రాత్రి

ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ వెళ్ళే రైలు మార్గం మీలో చాలామందికి తెలిసినదే. కలైకుండా దాటాక ఖేమాసులి, సర్దిహా, బాన్స్‌తలా, ఆ తరువాత ఝార్‌గ్రామ్ వస్తాయి. పట్టాలకు రెండు పక్కలా సాల అడవి ఉంటుంది. సాల చెట్టునే మన ఉత్తరాంధ్రలో గుగ్గిలం చెట్టు అంటారు. 2025 జూలై 18 తెల్లవారుజామున, ఇంకా చీకటిగా ఉన్న వేళ, బాన్స్‌తలా దగ్గర పట్టాలు దాటుతున్న ఏనుగుల మందను జనశతాబ్ది ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నది. ఒక పెద్ద ఏనుగు, రెండు పిల్ల ఏనుగులు చనిపోయాయి.

ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు నాలుగైదు తరాలుగా ఉంటున్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పనికి వచ్చినవారి మనుమలు, మునిమనుమలు వీరు. ఇలాంటి ప్రమాద వార్త వినగానే ఈ ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న డ్యూటీలో ఎవరున్నారని. వేగంగా పోతున్న రైలుకు బ్రేకు వేసిన చోటే ఆగే గుణం లేదు. చీకట్లో ఏనుగు కనిపించేసరికి లోకో పైలట్ చేతిలో మిగిలేది చాలా తక్కువ. పట్టాలకు అవతలి పక్క ఊళ్ళలో మరో రకం భయం ఉంది. అక్కడ కోతకు వచ్చిన వరిచేను ఒక్క రాత్రిలో పోవచ్చు, చేనుకు కాపలా ఉన్న మనిషీ పోవచ్చు.

అందుకే ఈ జిల్లాల్లో చాలాకాలంగా ఒక మాట వినిపిస్తోంది: ఏనుగులు ఎక్కువైపోయాయి, వాటి సంఖ్య తగ్గించాలి. ఈ మాట ఎంతవరకు నిజమో ఇప్పుడు పరిశీలిద్దాం.

17.2 ఈ ఏనుగులు ఎక్కడి నుంచి వచ్చాయి?

1980ల నడిమి వరకు మిదునాపురం జిల్లాలో ఏనుగుల మందలు పెద్ద సమస్య కాదు. జంషెడ్‌పూర్ పక్కనున్న దల్మా కొండల నుంచి 1986-87 ప్రాంతంలో ఒక పెద్ద మంద తూర్పు వైపు దిగి, కంసావతి నది దాటి వచ్చింది. ఆ తరువాత ఏటా రావడం మొదలైంది. మొదట్లో కొన్ని వారాలు ఉండి తిరిగి వెళ్ళేవి. క్రమంగా ఉండే కాలం పెరిగింది. కొన్ని ఏనుగులు తిరిగి వెళ్ళడమే మానేశాయి. ఖరగ్‌పూర్ అటవీ డివిజన్‌లోని కలైకుండా, నయాగ్రామ్ వైపు కూడా ఇవి సంచరిస్తాయి.

ఎందుకు వచ్చాయి? సింగ్‌భూమ్ వైపు గనులు తవ్వడంతో అడవి ముక్కలైంది. ఇది అందరూ చెప్పే కారణం. రెండో కారణం మాత్రం కొంచెం ఆశ్చర్యం కలిగిస్తుంది. మిదునాపురం జిల్లా అరాబారీలో 1971-72లో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి ఒక ప్రయోగం మొదలుపెట్టారు. అడవిని కాపాడితే దాని రాబడిలో వాటా ఇస్తామని 11 గ్రామాల ప్రజలతో ఒప్పందం చేసుకున్నారు. నరికివేతతో మోడులు మిగిలిన చోట సాల మొక్కలు మళ్ళీ లేచాయి. 1989లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఈ పద్ధతిని నైరుతి జిల్లాలకు విస్తరించి, గ్రామ సంఘాలకు 25 శాతం వాటా ఇచ్చింది. దేశమంతా నేర్చుకున్న ఉమ్మడి అటవీ యాజమాన్యం ఇక్కడే పుట్టింది.

జనం కష్టపడి అడవిని పెంచారు. ఆ అడవి ఏనుగుకు పగలు దాక్కునే చోటు అయింది. పక్కనే సాగునీటితో వరి, చలికాలంలో బంగాళాదుంప పండుతున్నాయి. పగలు అడవిలో నీడ, రాత్రి చేలలో తిండి. అడవిని కాపాడిన గ్రామాలే దాని ఖర్చు కూడా భరించవలసి వచ్చింది. ఈ విషయాన్ని పాఠం చివరి దాకా మనసులో పెట్టుకోండి. ఏనుగులు ఎక్కువయ్యాయని అనేవారిని జంతువుల మీద దయ లేనివారని కొట్టిపారేయడం ఎంత తప్పో దీనివల్ల అర్థమవుతుంది.

పాఠంలో ప్రశ్నలు
1. దల్మా ఏనుగులు తూర్పుకు రావడానికి రెండు కారణాలు రాయండి.
2. అరాబారీ ప్రయోగం వల్ల గ్రామాలకు కలిగిన లాభం ఏమిటి, వచ్చిన చిక్కు ఏమిటి?

17.3 అమెరికా గుర్రాల వివాదం

సంఖ్య తగ్గించాలన్న వాదన లోకంలో అన్నిటికంటే ఎక్కువగా నలిగింది అమెరికా అడవి గుర్రాల విషయంలో. మన ఏనుగుల చర్చకు అది మంచి పోలిక కనుక కొంచెం వివరంగా చూద్దాం.

అమెరికా ఖండంలో గుర్రాలు సుమారు పదివేల ఏళ్ళ క్రితమే అంతరించాయి. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థులు మళ్ళీ గుర్రాలను తెచ్చారు. తప్పించుకున్నవి, వదిలేసినవి పశ్చిమ రాష్ట్రాల బయళ్ళలో పెరిగాయి. 20వ శతాబ్దంలో వాటిని తరిమి పట్టి మాంసానికి అమ్మేవారు. వెల్మా జాన్‌స్టన్ అనే మహిళ దీనికి వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి ఉద్యమం నడిపారు. 1971 డిసెంబరు 15న అడవి గుర్రాలను, గాడిదలను కాపాడే చట్టం వచ్చింది. ప్రభుత్వ భూముల్లో వాటిని సంరక్షించాలనీ, సంఖ్య మితిమీరితే తగ్గించాలనీ ఒకే చట్టం చెబుతుంది. గొడవంతా ఈ రెండు మాటల మధ్యనే ఉంది.

ప్రభుత్వ భూముల నిర్వహణ శాఖ ఒక హద్దు పెట్టింది: గుర్రాలు, గాడిదలు కలిపి సుమారు 25,500. 2025 మార్చి నాటి అంచనా 73,000 పైచిలుకు. హెలికాప్టర్లతో తరిమి దొడ్లలోకి తోలుతారు. పెంచుకునేవారికి కొన్నిటిని ఇస్తారు. మిగిలినవాటిని ప్రభుత్వమే మేపుతుంది. 2024 నాటికి అలా మేపుతున్నవి 60,000 దాటాయి. గుర్రాల కోసం శాఖ పెట్టే డబ్బులో సగానికి పైగా ఈ మేతకే పోతోంది.

ఆ 25,500 అన్న హద్దు ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న. ఆ భూముల్లోనే పశువుల పెంపకందారులు అనుమతి తీసుకుని ఆవులను మేపుకుంటారు. గుర్రాలు గడ్డినీ నీటినీ ఖాళీ చేస్తున్నాయని వారి ఫిర్యాదు. ఆవులకు అంత భూమి ఇచ్చి గుర్రాలు ఎక్కువయ్యాయనడం ఏమి న్యాయమని గుర్రాల పక్షంవారి ప్రశ్న. ఎండు భూమికి ఇద్దరి గొడవా పట్టదు. ఎవరు మేసినా గడ్డి తిరిగి మొలవడానికి ఏళ్ళు పడుతుంది. భూమి ఎన్నిటిని మోయగలదన్నది శాస్త్రం చెప్పగలదు. అందులో ఎవరి వాటా ఎంత అన్నది మాత్రం మనుషులే తేల్చుకోవాలి.

ఇప్పుడు ఒక లెక్క. గుర్రాల మంద ఏడాదికి 15 నుంచి 20 శాతం దాకా పెరుగుతుంది. 20 శాతం చొప్పున 1,000 గుర్రాలు ఏడాదికి 1,200 అవుతాయి. రెండో ఏడు 1,440, మూడో ఏడు 1,728, నాలుగో ఏడు 2,073. అంటే నాలుగేళ్ళకే రెట్టింపు. అందువల్ల ఎన్ని పట్టినా తరగవు. గర్భనిరోధక టీకా వేయమని శాస్త్రజ్ఞులు సలహా ఇచ్చారు. పంది అండాశయం నుంచి తీసిన పదార్థంతో ఈ టీకా తయారవుతుంది. తుపాకీ లాంటి సాధనంతో సూదిని దూరం నుంచే ఆడగుర్రానికి తగిలేలా కొడతారు. సుమారు ఒక ఏడాది పని చేస్తుంది. తరువాత మళ్ళీ వేయాలి. అసాటీగ్ అనే చిన్న దీవిలో 1988 నుంచి దీన్ని వాడారు. అక్కడ ప్రతి గుర్రాన్నీ గుర్తుపట్టేవారు ఉన్నారు. విశాలమైన ఎడారి బయళ్ళలో అదే పని చాలా కష్టమైంది.

17.4 ఏనుగుకు ఆ లెక్క కుదురుతుందా?

ఏనుగు గర్భం సుమారు 22 నెలలు. కాన్పుకూ కాన్పుకూ మధ్య నాలుగైదేళ్ళు ఎడం ఉంటుంది. మొదటి కాన్పుకే పన్నెండేళ్ళు దాటుతాయి. గుర్రాల మందలా నాలుగేళ్ళలో రెట్టింపు కావడం ఏనుగుల మందకు సాధ్యం కాదు. మరి మిదునాపురం అడవుల్లో ఏనుగులు ఎలా పెరిగాయి? ముఖ్యంగా నడిచి వచ్చి పెరిగాయి. వచ్చినవి ఎక్కువ రోజులు ఉండిపోవడంతో ఇంకా ఎక్కువగా కనిపించాయి.

పుట్టుక వల్ల పెరిగితే పుట్టుకను ఆపి తగ్గించవచ్చు. రాక వల్ల పెరిగితే టీకా ఏమి చేస్తుంది? టీకా వేసిన ఏనుగు పిల్లను కనదు. అయితే ఆ రాత్రికి తినవలసింది మాత్రం తింటుంది. రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి. యాభై, అరవై ఏళ్ళు బతుకుతుంది. ఇవాళ టీకా వేస్తే చేనుకు ఊరట వచ్చేది ఒక తరం గడిచాక. దక్షిణాఫ్రికాలోని మకలాలి అనే అభయారణ్యంలో 2000 నుంచి ఆడ ఏనుగులకు ఈ టీకా వేశారు, పని చేసింది. అయితే దాని చుట్టూ కంచె ఉంది. ఏ ఏనుగు ఏదో అక్కడివారికి తెలుసు. మన మంద జార్ఖండ్, బెంగాల్, ఒడిశాల మధ్య చీకట్లో తిరుగుతుంది.

పశ్చిమ బెంగాల్‌లో ఏనుగులకు గర్భనిరోధం చేయాలన్న ఆలోచన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2017లో కోర్టు దాన్ని ఆపింది. చంపి తగ్గించడం మన చట్టం ఒప్పుకోని పని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఏనుగును 1977లో మొదటి షెడ్యూలులోకి తెచ్చారు. మనుషుల ప్రాణానికి అపాయంగా మారిన ఒక ఏనుగు విషయంలో మాత్రమే రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణ అధికారి అనుమతి ఇవ్వవచ్చు.

పట్టి వేరే చోట వదలడం మరో మార్గం. తరలించిన ఏనుగు చాలాసార్లు పాత చోటికే నడిచి వస్తుంది. లేకుంటే కొత్త ఊరికి కొత్త గొడవ తెస్తుంది. మీ స్వగ్రామం పార్వతీపురం వైపు అయితే ఈ సంగతి మీ పెద్దలను అడగండి. ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులను పట్టడానికి 2007లో అక్కడ ప్రయత్నం జరిగింది, ఏనుగుల మరణంతో ఆగింది. 2018 తరువాత ఆ ప్రాంతానికి మళ్ళీ మంద వచ్చింది. చిత్తూరు జిల్లాలో 1980ల నుంచీ ఇదే కథ. శిక్షణ పొందిన ఏనుగులతో అడవి ఏనుగులను మళ్ళించడానికి కర్ణాటక 2025 మే నెలలో నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది.

పాఠంలో ప్రశ్నలు
3. ఏడాదికి 15 శాతం చొప్పున 1,000 గుర్రాలు రెట్టింపు కావడానికి ఎన్నేళ్ళు పడుతుందో లెక్క వేయండి.
4. మకలాలిలో పని చేసిన టీకా మిదునాపురంలో ఎందుకు కష్టం?

17.5 తరమడం

మరి ఇక్కడ జరుగుతున్నదేమిటి? ప్రధానంగా తరమడమే. ఇనుప చువ్వ చివర గోనె చుట్టి, నూనెలో ముంచి వెలిగించిన కాగడాను హుల్లా అంటారు. వాటిని పట్టుకుని మందను తోలే జట్లను హుల్లా పార్టీలు అంటారు. కూలి కోసం ప్రాణానికి తెగించి ఈ పని చేసేది ఆ ఊళ్ళ పేద యువకులే. మొనదేలిన చువ్వలు, నిప్పు ఉండలు వాడవద్దని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2024 ఆగస్టులో ఝార్‌గ్రామ్‌లో మండుతున్న చువ్వ వెన్నులో దిగి ఒక ఆడ ఏనుగు చనిపోయింది.

తరిమితే మంద మాయం కాదు. ఒక ఊరి చేలోంచి పక్క ఊరి చేలోకి పోతుంది. అక్కడి జట్టు ఇటు తోలుతుంది. అలా తోలే మంద ఎప్పుడో ఒకప్పుడు రైలు పట్టాల మీదికి వస్తుంది. భయపడిన ఏనుగు దారి చూసుకోదు. పిల్లలున్న మంద పట్టాల మధ్య ఆగిపోతుంది. బాన్స్‌తలా ప్రమాదం తరువాత ఈ తరిమే పని మీద కూడా ప్రశ్నలు లేచాయి.

పట్టాల దగ్గర చేయగలిగింది మాత్రం ఉంది. ఏనుగు అడుగుల అదురును పట్టాల పక్కన పాతిన ఆప్టికల్ ఫైబర్ తీగ పసిగట్టి స్టేషనుకు తెలిపే ఏర్పాటును ఈశాన్య సరిహద్దు రైల్వే మొదట అమలు చేసింది. తేనెటీగల ధ్వని వినిపించి ఏనుగులను పట్టాలకు దూరం చేసే పద్ధతినీ 2017లో అక్కడే మొదలుపెట్టారు. రాత్రిపూట వేగం తగ్గించే ఉత్తర్వులు కూడా ఉంటాయి. కాని వేగం తగ్గితే రైలు ఆలస్యమవుతుంది. సమయపాలన కావాలని అడిగే ప్రయాణికులు మనమే.

చేల విషయంలో పరిహారం ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు అన్నదీ ముఖ్యం. చేను పోయిన రైతుకు వచ్చే నాట్లలోపు డబ్బు అందకపోతే అతను హుల్లా పట్టుకుంటాడు, లేదా చేను చుట్టూ కరెంటు తీగ కడతాడు. ఆ తీగ ఏనుగునూ చంపుతుంది, పక్కింటి మనిషినీ చంపుతుంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2002లో మయూర్‌ఝర్నా ఏనుగుల రిజర్వును ప్రకటించింది. ఏనుగులు ఊళ్ళ వైపు రాకుండా అక్కడే ఉండాలంటే మేత, నీరు అక్కడ పెరగాలి. అది ఏళ్ళు పట్టే పని. ఓట్ల కాలానికి అందే పని కాదు.

చేయవలసిన పని

మీ ఇంట్లోగాని, కాలనీలోగాని రైలు నడిపిన, లేదా గ్యాంగులో పట్టాల పని చేసిన పెద్దలుంటే, ఝార్‌గ్రామ్ మార్గంలో ఏనుగులను ఏ నెలల్లో ఎక్కువగా చూశారో అడిగి రాసుకోండి. ఆ నెలల పక్కన ఆ ప్రాంతంలో వరి, బంగాళాదుంప కోతల నెలలు రాయండి. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూసి, మీరు గమనించినది పది వాక్యాల్లో రాసి అధ్యయన కేంద్రానికి తీసుకురండి.