డాబా పైన తెలుపు

పండగొస్తే గోడలకు సున్నం వేస్తాం. డాబా పైభాగాన్ని మాత్రం ఎవరు చూస్తారులే అని వదిలేస్తాం. కానీ ఎండంతా పడేది అక్కడే కదా!

నల్లబారిన స్లాబు పగలంతా ఎండకు కాగుతుంది. రాత్రి ఆ వేడిని ఇంట్లోకి వదులుతుంది. అందుకే ఫ్యాను తిరిగినా వేడిగాలే. పసిపిల్లలు నిద్రపోరు. ముసలివాళ్లకు ప్రాణం మీదికి కూడా రావచ్చు.

తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. 2017లో హైదరాబాదులో 25 పేద ఇళ్లమీద తెల్లటి ప్లాస్టిక్ పొర పరిచి చూశారు. మామూలు ఇళ్లకంటే లోపల సుమారు 2 డిగ్రీల వేడి తగ్గింది. రెండేనా అనకండి. నడివేసవిలో అదే ఎంతో హాయి.

వాలు లేని కప్పులకు వినైల్ షీటు కూడా వేస్తారు. అతుకులను వేడిగాలితో కరిగించి కలుపుతారు. నీరు దిగదు, ఏళ్ల తరబడి ఉంటుంది. ఖర్చు మాత్రం ఎక్కువ. పాత ముక్కలను పొయ్యిలో వేయకండి. ఆ పొగ విషం.

తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. 600 గజాల లోపు ఇళ్లకు తప్పనిసరి చేయలేదు. ఉక్కపోతతో ఎక్కువ అల్లాడేది ఆ చిన్న ఇళ్లవాళ్లే!

మనకు అందుబాటులో ఉన్నది సున్నం. ఎండలు ముదరక ముందే స్లాబు ఊడ్చి, పగుళ్లను సిమెంటుతో పూడ్చండి. అవి ఆరాక నీళ్లు చల్లి, రెండు పూతలు వేయండి. వానలకు పోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. పిల్లల్ని పైకి రానివ్వకండి. దుమ్ము పేరుకుంటే తెలుపు పనిచేయదు, అప్పుడప్పుడు ఊడవండి.