ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య

2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం, జీపీఎస్ సంకేతాల్లో తాను కావాలని కలుపుతూ వచ్చిన తప్పును ఆపేసింది. అంతవరకూ వంద మీటర్ల దాకా గురి తప్పే మామూలు జనం రిసీవర్లు రాత్రికి రాత్రే పది, ఇరవై మీటర్ల దగ్గరికి వచ్చేశాయి. మే 3న డేవ్ ఉల్మర్ అనే వ్యక్తి ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్‌ను దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో ఒక లాగ్‌బుక్, ఒక పంగలకర్ర, చిక్కుడు గింజల డబ్బా వగైరా ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే దాన్ని వెతికి పట్టుకున్నారు. జియోక్యాషింగ్ ఆట అలా మొదలైంది.

ఆ బకెట్ కంటే, ఆట పెరిగాక వచ్చిన కొలబద్దే నాకు ఎక్కువ నచ్చుతుంది. ఉపగ్రహాలు మనల్ని చెట్టు దాకా తీసుకెళ్తాయి గానీ, డబ్బా ఏ తొర్రలో ఉందో చెప్పవు. అక్కడికి చేరడం కాళ్ల కష్టం, చేరాక వెతకడం బుర్ర కష్టం. రెంటినీ కలిపి ఒకే మార్కు వేస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. అందుకే రెండు అంకెలు: బుర్రకి డిఫికల్టీ, కాళ్లకి టెర్రైన్. ఒక్కోటీ 1 నుంచి 5 దాకా, అర చొప్పున పెరుగుతుంది. తొమ్మిది మెట్లను తొమ్మిదితో జోడిస్తే 81 జతలు. ఆ 81 గళ్లనూ నింపడమే పనిగా ఏళ్ల తరబడి తిరిగేవాళ్లున్నారు.

టెర్రైన్ 5 అంటే పడవో, కొండలెక్కే తాళ్లో లేనిదే అందని చోటు. 2008లో అంతరిక్ష పర్యాటకుడు రిచర్డ్ గారియట్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పెట్టిన జియోక్యాష్‌కి కూడా టెర్రైన్ 5 దగ్గరే ఆగాలి, ఎందుకంటే కొలబద్ద అక్కడితో అయిపోతుంది.

అసలు బరువంతా 1 మీద ఉంది. టెర్రైన్ 1 అని రాస్తే, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు దాన్ని చేరుకోగలరని మాట ఇచ్చినట్టు. దారి చదునుగా, గట్టిగా ఉండాలి, నడక సుమారు ఎనిమిది వందల మీటర్లకు మించకూడదు. దారిలో ఒక్క మెట్టు అడ్డొచ్చినా అది 1 కాదు, 1.5. నడవగలిగినవాడికి ఆ అర కనిపించనే కనిపించదు. కుర్చీలో వచ్చినవాళ్లకి ప్రయాణం అక్కడితో ఆఖరు.

అంకెలు వేసేది దాచినవాడే. ఎక్కడుందో తనకు తెలుసు కాబట్టి డిఫికల్టీ విషయంలో అతని అంచనా తప్పితే తప్పవచ్చు, అది మన్నించదగ్గదే. టెర్రైన్‌కి మాత్రం ఆ సాకు చెల్లదు. డబ్బా పెట్టాక అక్కడే ఒక కుర్చీలో కూర్చుని, చేయి చాచి, అందుతుందో లేదో చూసుకోవచ్చు.