బీడు ఎవరి చేతిలో పండింది?

మన కవులు నేలను తల్లి అన్నారు. నేనూ అలాగే రాశాను. ఆ తల్లి ఎందుకు ఎండిపోయిందో మాత్రం అడగలేదు.

జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీలకు దక్కినవి రాళ్ల బీళ్లు. 1980ల నుంచి వారు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా కూడి గట్లు వేశారు, పశువుల ఎరువు తోలారు, జొన్నలో కంది కలిపి విత్తారు. కంది వేరు లోతు తేమను అందుకుంటుంది. దాని బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నిలుపుతాయి. రాలిన ఆకు మట్టిలో కలిసి తడిని ఆపుతుంది. వానలు గతి తప్పుతున్న ఈ రోజుల్లో ఒక పంట పోయినా మరొకటి మిగలవచ్చు.

అయితే మట్టి కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఏటికేడు చేను మారే కౌలురైతు ఎవరి కోసం ఎరువు తోలాలి? భూసారం ప్రశ్న చివరికి భూమి హక్కు ప్రశ్నే. ఈ సంబంధాన్ని విస్మరించిన ప్రకృతి కవిత్వం, నాదైనా సరే, అర్ధసత్యమే.